మూసుకోని ముక్కు

నీళ్ళ తొట్టిలో మోచేతిదాకా చేయి దించి ఆమె నత్తలను ఒక్కొక్కటిగా పైకి తీస్తోంది. తీసిన ప్రతి నత్తనూ తిప్పి, దాని మూతను బొటనవేలితో నొక్కి చూస్తోంది. లోపలి ప్రాణి మూతను బిగపట్టి ఉంటే అది బకెట్లోకి పోతుంది. మూత మెత్తగా లోపలికి దిగితే చెత్తడబ్బాలోకి. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చూపు తొట్టిమీద లేదు. కిటికీ అవతల, అప్పుడే కడిగిన సిమెంటు దారిమీద ఉంది. గుల్లల అంచులు ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఆమె బొటనవేలి గోరు మందంగా, పసుపుపచ్చగా మారి, మధ్యలో సన్నని గాడి పడింది. ఆ గాడిలో ఏ గుల్ల అంచైనా సరిగ్గా కూర్చుంటుంది.

జంతుప్రదర్శనశాలలో మేత తయారుచేసే గది అది. మధ్యలో పొడవాటి రాతిబల్ల, గోడకు వరసగా వేలాడే కత్తులు, మూలన నీళ్ళు కారే మంచుపెట్టె. ఎంత కడిగినా పోని చేపల వాసన. బల్లకు అవతలి వైపు నిలబడి ఒకాయన చేపల తలలు కొడుతున్నాడు. అందరూ ఆయన్ని వంటాయన అంటారు. ఆ గదిలో పొయ్యి అనేదే లేదు. ఆయన ఏనాడూ ఏదీ వండలేదు.

"ఏంటి ముక్కులమ్మా, ఇవాళ నీ చాకు జేబులోంచి బయటికి రాలేదు? నీ ముద్దుల పక్షికి పస్తా?" అన్నాడు తల ఎత్తకుండా.

"నోరు మూసుకుని నీ చేపలు నువ్వు కొట్టుకో అన్నా."

"ఎలా మూసుకోను? నా నోరూ నీ పక్షి ముక్కులాంటిదే. ఎంత మూసినా సందు ఉంటుంది."

మామూలుగా అయితే ఆమె నవ్వేది. ఇవాళ బకెట్ ఎత్తి కుడిచేతికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుని బయటికి నడిచింది. ఆమె కుడిభుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. బకెట్ లేకుండా నడిచినా అలాగే ఒరిగి నడుస్తుంది. "అమ్మా, నీ భుజం బకెట్ కొలతకి పెరిగింది" అంటుంది ఆమె కూతురు.

ముక్కులమ్మ అన్న పేరు ఆమె పనిలో చేరిన కొత్తలోనే పడింది. భర్త అక్కడే దారులు ఊడ్చేవాడు. జ్వరంతో ఆయన పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. కొన్నాళ్ళు ఊడ్చాక పక్షుల వైపు పంపారు. బోర్డులమీద రాసిన పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు. అందుకని ముక్కు చూసి పేరు పెట్టుకుంది. నీళ్ళలో ముక్కును అటూ ఇటూ ఊపుతూ తిరిగే తెడ్డుమూతి కొంగ గరిటె. గొంతుకింద తోలు వేలాడే గూడబాతు సంచి. తల తలకిందులుగా పెట్టి బురదనీళ్ళను వడగట్టుకునే రాజహంస జల్లెడ. పొడుగుముక్కు కొంగలన్నీ పట్టకార్లు. "గరిటెలకి మేత అయింది, జల్లెడకి వొంట్లో బాగాలేదు" అని ఆమె చెబుతుంటే పైవాళ్ళు మొదట నవ్వారు. తరవాత వాళ్ళూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టారు.

పేరు పెట్టాక ఆమెకు పని సులువైంది. గరిటెకు వెడల్పాటి లోతులేని పళ్ళెం కావాలి, అంచు ముక్కుకు అడ్డం రాకూడదు. జల్లెడకు నీళ్ళలోనే మేత కలపాలి. పళ్ళెంలో పొడిగా పెడితే ఆకలితో చస్తుంది కానీ ముట్టదు. సంచికి అసలు గిన్నె అక్కర్లేదు, ఎదురుగా నిలబడి విసిరితే చాలు. ఏ పక్షి ఎలా బతుకుతుందో దాని ముక్కు ముందే చెప్పేస్తుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. గిన్నెలు మార్చి మార్చి పెట్టగా, పారబోయగా తెలిసింది.

ఒక్క పక్షి దగ్గర మాత్రం ఆమె మొదట తడబడింది. నత్తగుల్ల కొంగ. దాని పై ముక్కూ కింది ముక్కూ మొదట్లో కలుస్తాయి, చివర కలుస్తాయి. నడుమ కలవవు. వేలు పట్టేంత సందు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో భర్త ఒక సెలవురోజు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చి, ఉద్యోగి భార్యకు టికెట్టు లేదని గర్వంగా చెప్పి, కంచె దగ్గర నిలబెట్టి, "పాపం, దీని ముక్కు ఎక్కడో తగిలి వంకర పోయింది చూడు" అన్నాడు. ఆమె అయ్యో అంది. పక్షుల విభాగంలో చేరాక, వంకర ముక్కు కొంగలు ఇన్ని ఉన్నాయేమిటని అడిగితే అక్కడివాళ్ళు పడిపడి నవ్వారు. అది దెబ్బ కాదు, నత్తను జారకుండా పట్టుకోవడానికి దాని పనిముట్టు అని చెప్పారు. పిల్లప్పుడు ముక్కు తిన్నగానే ఉంటుందనీ, పెరిగేకొద్దీ ఆ సందు వస్తుందనీ చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ, ఈ సంగతి చెబితే ఆయన ఎలా మొహం పెడతాడో అనుకుని తనలో తాను నవ్వుకుంది. వీధి మలుపు తిరిగాక గాని, చెప్పడానికి ఆయన లేడని గుర్తు రాలేదు.

వెనక వైపు, సందర్శకులు రాని చోట, కోలుకుంటున్న పక్షుల కంచెలు ఉన్నాయి. పెద్ద కంచెలో, తుఫానుకు గూళ్ళతో సహా కిందపడిన నత్తగుల్ల కొంగ పిల్లలు పెరిగాయి. ఇప్పుడవి పిల్లలు కావు. ఆమె బకెట్ వంచగానే నీళ్ళలోకి దిగి, తలకొక నత్తను పట్టుకుని దేని మూలకు అది వెళ్ళిపోయాయి. వాటికి ఆమెతో పని లేదు. ఆమె మొహం కూడా చూడవు.

పక్క కంచెలో ఒక్కటే ఉంది. తుఫానులో దీని రెక్క విరిగింది. కట్టు కట్టి వేరుగా ఉంచి, నత్తల గుల్లలు పగలగొట్టి మాంసం చేతితో తినిపించాలని అప్పుడు జంతువుల డాక్టరమ్మే చెప్పింది. కట్టు విప్పాక గుల్లతో పాటే ఇమ్మంది. ఆమెను చూడగానే అది కంచె దగ్గరికి వచ్చి, తల ఆడిస్తూ ముక్కు టకటకలాడించింది. ఆమె నిండు నత్తలను తొట్టిలో వేసింది. అది తొట్టివైపు చూడలేదు. ఆమె జేబువైపు చూసింది.

డాక్టరమ్మ రబ్బరు బూట్లతో బురద తొక్కుకుంటూ వచ్చింది. చిన్నవయసు మనిషి. ఎవరినీ కసురుకోదు. ఎక్కువగా మాట్లాడదు.

"తిందా?"

"లేదమ్మా."

"నాకు అర్థం కావడం లేదు. రెక్క బాగుంది. బరువు బాగుంది. ముక్కులో ఏ లోపమూ లేదు. మిగతావన్నీ ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇదొక్కటీ ఎందుకు నేర్చుకోలేదు?" అంటూ డాక్టరమ్మ కంచె వైర్లలోంచి పక్షిని చూస్తోంది. "తినకుండా ఇంత బరువు ఎలా ఉంది?"

ఆమె బకెట్ కింద పెట్టింది. ఆ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని ఆమెకు తెలుసు.

"నేనే వలిచి పెడుతున్నానమ్మా."

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "ఎప్పట్నుంచి?"

"కట్టు విప్పిన దగ్గర్నుంచీ. మీరు చెప్పినట్టు గుల్లతోనే వేశాను. తీసి ముందు పెట్టుకుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఒకసారి తట్టుకున్నాను. మళ్ళీ చూసింది..." ఆమె మాట ఆపి, బొటనవేలితో యూనిఫాం చొక్కా అంచు నలిపింది. "నా వల్ల కాలేదు."

డాక్టరమ్మ మళ్ళీ పక్షివైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

"రేపు పొద్దున బండి వస్తోంది, తెలుసుగా" అంది చివరికి డాక్టరమ్మ. "చిత్తడినేలలో ఇప్పుడే నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంకొన్నాళ్ళయితే నత్తలు బురద లోపలికి దిగిపోతాయి. వదిలితే రేపే వదలాలి, అన్నిటినీ కలిపి వదలాలి. ఒంటరిగా వదిలితే ఇది బతకదు. సొంతంగా తినడం రాకుండా వదిలినా బతకదు."

"మరి వెళ్ళకపోతే? ఇక్కడే ఉంటుందా?"

"ఉంటుంది. రెక్క ఈకలు కత్తిరించి ముందు చెరువులో వదిలేస్తాం."

"మేత నేనే పెట్టొచ్చా?"

అడిగేసిన తరవాత తన గొంతులో ఆశ తనకే వినిపించింది. ఆమె చప్పున తల దించుకుంది. డాక్టరమ్మ చూడనట్టే ఉండిపోయింది.

"సాయంత్రం దాకా చూద్దాం" అంది డాక్టరమ్మ. "ఒక్కటి తిన్నా చాలు. ఒకటి తెరవడం వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. దానికి ఆకలి వెయ్యాలి. మీరు ఇవాళ ఏమీ పెట్టకూడదు."

"నన్ను ఇటు రావద్దంటారా?"

"లేదు, రండి. మీరు కనపడకపోతే కంచెకి కొట్టుకుంటుంది, రెక్క మళ్ళీ పోతుంది. మీరు ఎదురుగా ఉంటే మీ చెయ్యి వైపే చూస్తుంది. ఇక్కడే, దాని పక్కనే కూర్చోండి. కానీ వీపు తిప్పి కూర్చోండి."

"వీపు తిప్పా?"

"అవును. మీరు ఉన్నారని తెలియాలి. మీ చేతులు కనపడకూడదు."

ఆమె మిగతా కంచెల పని ముగించుకుంది. గరిటెల పళ్ళేలు కడిగింది. జల్లెడల నీళ్ళు మార్చింది. సంచి కంచెలో ఈకలు ఏరింది. మెట్లు ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగింది. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే, బకెట్ చేయి మార్చుకుంటున్నట్టు నటించింది. చేయి మార్చడం ఆమెకు చేతకాదు. బకెట్ ఎడమచేతిలో ఉంటే ఆమె తిన్నగా నడవలేదు.

భోజనం వేళ కూతురు ఫోన్ చేసింది. కూతురు రెండు వీధుల అవతల రెడీమేడ్ బట్టల దుకాణంలో కాజాలు కుడుతుంది. మెషిన్ల చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటై, ఫోన్లోనూ అరుస్తుంది.

"అమ్మా, రేపు ఆస్పత్రికి, గుర్తుందా?"

"రేపు బండి వస్తుందే."

"బండి పక్షులకి. నువ్వేమన్నా ఎగిరిపోతున్నావా?"

"ఎల్లుండి వెళదాం."

"ఎల్లుండి, ఎల్లుండి అని నా పెళ్ళప్పట్నుంచీ చెబుతున్నావు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నువ్వు చెప్పవు, మీ వంటాయన చెప్పాడు నాకు."

"వాడి నోరు పడ."

"సరే, అది కాదుగానీ, నీ మనవరాలు ఏం చేసిందో తెలుసా? బళ్ళో నారింజ ఇస్తే తనే వలుచుకుందట. ఇంటికొచ్చి నాకు వలిచి చూపించింది, ఇలా కాదమ్మా అలా అని. నాకు నేర్పుతోంది!"

ఆమెకు నవ్వొచ్చింది. "నీకు రాదుగా మరి."

"ఎలా వస్తుంది? తొక్క తీసి, పీచు తీసి, గింజలు కూడా తీసి నోట్లో పెట్టావు. అత్తారింట్లో మొదటి వారం నారింజ చేతిలో పట్టుకుని చాకు ఎక్కడుందని అడిగాను. ఇప్పటికీ మా ఆడపడుచు ఆ మాటే అని నవ్వుతుంది."

"చెయ్యి నొప్పెడుతుందని..."

"ఎవరి చెయ్యి?"

అవతల మెషిన్లు గడగడలాడాయి. ఎవరో కూతుర్ని పిలిచారు.

"సాయంత్రం వస్తాను. నువ్వు వస్తానన్నా రానన్నా రేపు తీసుకెళతాను" అని కూతురు ఫోన్ పెట్టేసింది.

ఆమె ఖాళీ బకెట్ బోర్లించి, ఒంటరి పక్షి కంచెకు వీపు ఆనేంత దగ్గరగా కూర్చుంది. ఎదురుగా ఇటుక గోడ. గోడ మీద నాచు పచ్చగా మొదలై పైకి పోనుపోను నల్లబడింది. ఇన్నేళ్ళలో ఆ గోడను ఆమె సరిగ్గా చూసింది లేదు. ఈ చోట నిలబడిన ప్రతిసారీ ఆమె మొహం అటువైపు ఉండేది, కంచెవైపు.

వెనకనుంచి టకటక మొదలైంది. ముందు తొట్టి దగ్గర, తరవాత దగ్గరగా, తరవాత సరిగ్గా ఆమె చెవి వెనక. కంచె తీగల సందులోంచి ముక్కు చివర వచ్చి ఆమె భుజం తాకింది. నెమ్మదిగా, చొక్కా గుడ్డను పట్టి లాగింది. దాని పట్టు ఆమెకు తెలుసు. అన్నం మెతుకును కూడా నలగకుండా ఎత్తగలిగే పట్టు అది. మళ్ళీ లాగింది. ఆమె కదల్లేదు. ముక్కు కిందికి దిగి ఆమె కుడి జేబు కోసం వెతికింది.

జేబులో చాకు ఉంది. ఇవాళ ఏమీ పెట్టకూడదని విన్నాక కూడా, పొద్దున ఆ జేబులో వేసుకున్న నత్తను తీయలేదు. ఎందుకు తీయలేదో అడిగితే చెప్పలేకపోయేది. ప్రతిరోజూ ఉంటుంది గనక ఉంచుకుంది.

ఎండ గోడమీద కొంచెం పక్కకు జరిగింది. టకటక ఆగింది. పక్షి మూలుగులాంటి సన్నని చప్పుడొకటి చేసింది. పిల్లగా ఉన్నప్పుడు, కట్టులో ఉన్నప్పుడు, అది రోజంతా ఆ చప్పుడే చేసేది. ఆమె చేతులు ఒళ్ళోంచి లేచాయి. ఎడమచేతిలోకి నత్త వచ్చింది, కుడిచేతిలోకి చాకు వచ్చింది, గోటి గాడిలో గుల్ల అంచు కూర్చుంది. చాకు మొన లోపలికి దిగి తిరిగింది. అంచు చిట్లి, మాంసం అరచేతిలోకి జారింది. ఆ పని మొత్తం ఆమె చూడకుండానే అయిపోయింది.

అరచేతిలో అది తడిగా, చల్లగా ఉంది.

చెయ్యి వెనక్కి చాపితే చాలు. ఎవరూ లేరు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి తినలేదా అంటుంది. లేదమ్మా అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. పెద్ద బండి మిగతావాటిని తీసుకుపోతుంది. ఇది ముందు చెరువులో ఉంటుంది. రోజూ పొద్దున ఆమె వస్తే ఒడ్డుకు వస్తుంది, జేబువైపు చూస్తుంది. ఆమె ఉన్నన్నాళ్ళూ అలా గడిచిపోతుంది.

ఆ తరవాత? అక్కడ ఆమె ఆలోచన ఆగిపోయింది. తను లేని రోజున ఇక్కడికి వేరే ఎవరో బకెట్ పట్టుకుని వచ్చి, గుల్లతో సహా నత్తలు తొట్టిలో కుమ్మరించి వెళ్ళిపోవడం కనిపించింది. తొట్టి పక్కన నిలబడి, ఇది వాళ్ళ మొహంలోకి చూడటం కనిపించింది. వాళ్ళకు ఆ చూపు అర్థం కాదు. ఎందుకు అర్థం కావాలి? పక్షి ముందు మేత ఉంది. తినడానికి దానికి ముక్కు ఉంది.

ఆమె లేచింది. మోకాళ్ళమీద చేయి ఆన్చి, ఒక ఊపిరికి ఆగి, గుప్పిట బిగించుకుని సంచి కంచె దాకా నడిచి మాంసాన్ని లోపలికి విసిరింది. గూడబాతు తల ఎత్తి పట్టుకుని, అది చేపో నత్తో చూడకుండానే మింగేసింది. ఆమె అరచేతిని పంపు కింద కడుక్కుంది. చాకునూ చిట్లిన గుల్లనూ చెత్తడబ్బాలో పడేసింది. చాకు పడిన చప్పుడుకు ఉలిక్కిపడి, తీసుకుందామా అని వంగి, తీసుకోకుండా వచ్చేసింది.

తిరిగి బకెట్ మీద కూర్చునేసరికి ఛాతీలో బరువుగా ఉంది. మెట్లెక్కినప్పటి ఆయాసమే అనుకుంది. చల్లటి చెమట పట్టింది. వెనక పక్షి దూరంగా వెళ్ళింది. నీళ్ళ చప్పుడును బట్టి ఆమెకు తెలుస్తోంది, తొట్టి చుట్టూ తిరుగుతోంది. వెనక్కి తిరగకూడదని ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుంది.

నీళ్ళు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

ఏదో గట్టిది తొట్టి అంచుకు తగిలి కింద పడింది. పక్షి దాన్ని వదిలేసింది కాబోలు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ముందు వైపు సందర్శకుల గొంతులు పల్చబడుతున్నాయి. ఎక్కడో ఒక పసిపిల్లవాడు ఇంటికి రానని ఏడుస్తున్నాడు. గోడమీద ఎండ పైవరసలకు పాకింది.

తరవాత అడుగుల చప్పుడు, బురదలో, నిదానంగా. అవి ఆమె వీపు దాకా వచ్చి ఆగాయి. ముక్కు ఆమె భుజం తాకలేదు. చొక్కా లాగలేదు. ఆమె వెనకే, నేలమీద, గుల్ల బురదలో దిగబడిన మెత్తని చప్పుడు. దాన్ని కాలితో తొక్కిపట్టినట్టుంది. కింది ముక్కు చివర కొద్దిగా కుడివైపుకు ఒంగి ఉంటుంది. అది మూత పక్కనుంచి లోపలికి జారాలి. లోపల, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండ ఒక్కటే ఉంటుంది. అది తెగితే చాలు. ఇవన్నీ ఆమె పెద్ద కంచెలోని పక్షులను చూసి తెలుసుకున్నవే. ఈ పక్షి ఎప్పుడూ వాటివైపు చూడలేదు, ఆమె చేతివైపే చూసింది. దీనికి ఎవరు చెబుతారు?

జారింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె ఊపిరి బిగపట్టి వింటోంది. మళ్ళీ జారింది. తల వెనక ఇటుక మోపినంత బరువుగా ఉంది, తిరిగి చూడాలని. ఆమె కంచె స్తంభానికి తల ఆన్చి, నాచు పట్టిన గోడను చూస్తూ ఉండిపోయింది.

గేట్లు మూసేవేళకు వంటాయన ఖాళీ చేపల డబ్బాలతో అటు వచ్చాడు.

"ముక్కులమ్మా, అందరూ వెళ్ళిపోయారు. ఈ పూట కాపురం ఇక్కడేనా?"

పలకకపోతే, అలిగిందనుకున్నాడు.

"అమ్మాయికి నేనే చెప్పాను, ఆయాసం సంగతి. తిట్టుకో. గేటు దగ్గర నిలబడి ఉంది పాపం, లోపలికి రానివ్వలేదు. లే ఇక."

ఆయన ముందుకు వచ్చి చూశాడు. డబ్బాలు కింద పెట్టాడు. ఆమె తల స్తంభానికి ఆని ఉంది. చేతులు మోకాళ్ళ మధ్య అలాగే బిగించి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. మొహంలో, ఏదో వింటున్న మనిషి జాగ్రత్త ఇంకా పోలేదు. ఆయన తన తువ్వాలు తీసి ఆమె భుజాలమీద కప్పి, డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు.

కూతురు వచ్చి తల్లి చేతులు విడదీయబోయింది. అవి రాలేదు. "వదిలెయ్యమ్మా, అలాగే ఉండనీ" అంది డాక్టరమ్మ. కూతురు ఆ చేతులమీద తన చెయ్యి వేసి, బురదలోనే కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం పక్షి సంగతి ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున బండి వచ్చింది. పెద్ద కంచెలోని కొంగలను పట్టి బుట్టల్లో పెడుతుంటే, డాక్టరమ్మ పక్క కంచె ముందు నిలబడి ఉంది. రాత్రంతా నిద్రలేని మొహం. కంచె లోపల పక్షి తొట్టి అవతల నిలబడి ఈకలు సవరించుకుంటోంది. తల ఆడించలేదు. ముక్కు టకటకలాడించలేదు.

"తిందంటారా?" అడిగాడు వంటాయన.

"ఎవరిని అడగను?" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. నత్తలున్నాయి. ఎన్ని వేశారో తెలిసిన మనిషి లేదు. బండి డ్రైవరు హారన్ మోగించాడు. వంటాయన, బోర్లించిన బకెట్ తీసి పక్కన పెడదామని వంగి, అలాగే ఉండిపోయాడు.

"అమ్మా, ఇటు రండి."

కంచె అంచున, లోపలి వైపు, ముక్కులమ్మ వీపు ఆన్చుకున్న చోటుకు సరిగ్గా వెనక, బురదలో ఒక గుల్ల ఉంది. ఖాళీది. వంటాయన తీగల కింద నుంచి వేళ్ళు దూర్చి దాన్ని తీశాడు. నీళ్ళతో కడిగి, అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూశాడు. మరోసారి తిప్పి చూశాడు.

"ఆమె వలిచింది కాదమ్మా ఇది" అన్నాడు. "చాకు పెడితే ఎంత జాగ్రత్తగా పెట్టినా అంచు చిట్లుతుంది. నేనూ వలిచాను కొన్ని, నాకు తెలుసు."

డాక్టరమ్మ గుల్ల తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. తరవాత ఆయనకిచ్చి, పక్షిని పట్టడానికి లోపలికి వెళ్ళింది. అది కొద్దిగా పెనుగులాడింది. బుట్ట మూత మూశాక నిశ్శబ్దమైపోయింది.

బండి గేటు దాటి మలుపు తిరిగేదాకా వంటాయన చూస్తూ నిలబడ్డాడు. చేతిలో గుల్ల ఉన్న సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. పారేయడానికి చెయ్యి ఎత్తి, పారేయలేక, నాచు పట్టిన గోడమీద పెట్టి పనికి వెళ్ళిపోయాడు.

అంచు ఎక్కడా చిట్లలేదు. లోపల కొంచెం నీళ్ళు నిలిచి ఉన్నాయి.